శనివారం తొక్కని మట్టి

ఆ సంవత్సరం డైరీలో జనవరి మొదటి రోజు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఒక్క పేజీ కూడా ఖాళీ లేదు. అది చూసుకుని చాలా మురిసిపోయేదాన్ని. నేను చేసిన తప్పంతా ఆ నిండు పేజీల్లోనే ఉందని తర్వాత తెలిసింది.

డైరీ ఫ్యాక్టరీది. మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండే పాన్ల దగ్గర పని చేసేవాడు. ఏటా కొత్త సంవత్సరం రాగానే ఫోర్‌మన్ దగ్గర మిగిలిన డైరీ ఒకటి అడిగి నాకు తెచ్చేవాడు. రోజుకొక పేజీ. పన్నెండేళ్ళ వయసు నుంచి రాస్తున్నాను. నలుగురిలో నోరు తెరవలేని దాన్ని కాబట్టి ఎవరితోనూ అనలేనివన్నీ అందులో పెట్టేదాన్ని. జ్వరం వచ్చిన రోజు కూడా "జ్వరం" అని ఒక్క మాట రాసి పడుకునేదాన్ని. ఖాళీ పేజీ కనిపిస్తే అప్పజెప్పిన పని ఎగ్గొట్టినట్టు ఉండేది.

మెట్రిక్ పాసై అప్పటికి ఆరు నెలలు. స్కూల్ బీరువాలో ఉన్న పుస్తకాలు రెండేసిసార్లు చదివేశాను. ఇంట్లో బియ్యం ఏరడం, బావి నుంచి నీళ్ళు తేవడం, ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి రాలే నల్లటి నుసి బట్టల మీద పడకముందే వాటిని తీగ మీంచి తీయడం. ఇంతే పని. ఒకరోజు మా స్కూల్ పెద్ద టీచర్ కబురు పంపింది.

"హైదరాబాద్‌ల ఆడపిల్లలకు డ్రిల్ టీచర్ ట్రైనింగ్ ఉన్నది. ఏడాదిపాటు హాస్టల్‌ల ఉంచుకొని వాళ్ళే నేర్పిస్తరు. మన దిక్కు నుంచి అడిగే పిల్లలే లేరు. నువ్వు పో," అంది.

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. స్కూల్లో పరుగుపందెం పెట్టినప్పుడల్లా నన్ను అందరి చెప్పులకు కాపలా కూర్చోబెట్టేవాళ్ళు.

"నేను డ్రిల్లా, టీచర్?"

"కాలేజీకి పంపాలంటే మీ బాపుతోని అయితదా? కాదు. నాకు కనిపిస్తున్న దారి ఇదొక్కటే." నా మొహం చూసి అంది. "ఆ హాస్టల్ పక్కనే పెద్ద లైబ్రరీ ఉంటదట."

ఆమెకు నా సంగతి బాగా తెలుసు.

మే నెలలో నిజామాబాద్‌లో పరీక్ష. మూడు పనులు చేయాలి. వంద గజాలు పరుగెత్తాలి. ఇనుప గుండు సున్నం గీత దాటేలా విసరాలి. చివరగా, చిన్నపిల్లల వరుసను ముందు నిలబెట్టుకుని గొంతెత్తి డ్రిల్ చేయించాలి. మూడోది నేను ఇంకోసారి చెప్పించుకున్నాను.

బాపు అవ్వతో, అంటే మా అమ్మతో, "ఒక్క ఏడు సూద్దాం. అయితే అయ్యింది. కాకపోతే మళ్ళ నన్ను అడగొద్దు," అన్నాడు. అవ్వకు ఆ మాట చాలు. నాకు ఒక్క ఏడు ఉంది. అందులో పరీక్షకు మిగిలింది అయిదు నెలలే.

స్కూల్లో ఇనుప గుండు ఒకటి ఉండేది. దాదాపు నాలుగు సేర్ల బరువు. ఎవరూ విసరగా నేను చూడలేదు. గాలికి తలుపు కొట్టుకోకుండా పెద్ద టీచర్ గది గుమ్మంలో అడ్డం పెట్టేవాళ్ళు. దాన్ని నాకిచ్చి, "సీటు వచ్చినంక తెచ్చియ్యి. అందాక తలుపుకు రాయి పెట్టుకుంట," అంది.

మా అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. ఫ్యాక్టరీ క్వార్టర్స్ వెనక ఉన్న తాలీంకు కుస్తీ నేర్చుకోవడానికి పోయేవాడు. తాలీం అంటే పెంకుటిల్లు, దాని మధ్యలో ఎర్రమట్టి గుంట, గోడకు మారుతి పటం. ఆడవాళ్ళు ఆ గడప తొక్కరు. దాన్ని నడిపే ఉస్తాద్ వయసులో ఉన్నప్పుడు దెగ్లూర్, నాందేడ్ దాకా పోయి కుస్తీలు పట్టినవాడు. ఇప్పుడు మోకాళ్ళు వంగవు గాని నోరు ఊరుకోదని అన్న అనేవాడు. నాకు గురువు కావాలి. ఆయన నాకు చెప్పడు, నేను ఆయన ముందుకు పోలేను. అందుకని మధ్యలో అన్న. నేను ఏం చేశానో కాగితం మీద రాసిచ్చేదాన్ని. ఉస్తాద్‌కు చదువు రాదు కాబట్టి అన్న చదివి వినిపించేవాడు. ఆయన ఏమంటే అది వచ్చి నాకు చెప్పేవాడు.

మొదట్లో కబుర్లు బాగుండేవి. "యాభై బైఠకులు తియ్యమను. తాడు ఎగురుమను. గుండు చేతితోని ఇసరొద్దు, నడుముతోని ఇసరాలె అను." గుంజీల్లా కూర్చుని లేచే ఆ బైఠకులు, తాడు, అన్నీ అట్లాగే చేశాను. తెల్లవారకముందే లేచి చెరుకు బండ్ల తొవ్వలో పరుగెత్తేదాన్ని. చీకట్లో ఎవరూ చూడరనుకున్నాను గాని, అది చెరుకు ఆడే కాలం. ఫ్యాక్టరీ గేటు ముందు ఎడ్లబండ్లు మైలు పొడుగునా వరుసలో ఉండేవి. బండ్లవాళ్ళు చెరుకాకు మంట వేసుకుని చలి కాచుకుంటూ కూర్చునేవాళ్ళు. ముందు అన్న, వెనక నేను.

"ఏం బిడ్డా, గంతగనం ఉరుకుతున్నవ్, ఎనక ఎద్దు తరుముతున్నదా?"

"ఎద్దు గాదు, గా ముందటోడు దీని చెప్పులు ఎత్కపోతున్నట్టున్నడు."

"ఫ్యాక్టరీకేనా బిడ్డా? జర మా బండిని గూడ లైన్ల ముందటికి నూకిపో."

సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కాని వాళ్ళు రోజూ అడిగేవాళ్ళు, నేను రోజూ పోయేదాన్ని. పదిహేను రోజులకు, "ఇయ్యాల ఆలస్యమాయె," అని ఒకాయన అంటే నాకు లోపల్లోపల సంతోషమైంది.

జనవరి పేజీలు ఇప్పుడు నా ముందున్నాయి. బైఠకులు యాభై. అరవై. ఎనభై. మా వాకిట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడి గుండు విసిరేదాన్ని. మొదట జామచెట్టు దాకా కూడా పోలేదు. నెల తిరిగేసరికి జామచెట్టు దాటి కోళ్ళగూడుకు రెండడుగుల ఇవతల పడింది. అవ్వ కోళ్ళను పక్కింటికి పంపించింది. ఆ రోజు పేజీ అడుగున నేను ఒక చిన్న చుక్క పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో గుండు వెనక్కి రావడం మొదలైంది.

చేసే పని ఎక్కువ, పడే దూరం తక్కువ. నూరు బైఠకులు తీసినరోజు గుండు జామచెట్టు మొదట్లో పడింది. నేను నూట ఇరవై తీశాను. ఇంకా ఇవతల పడింది. పొద్దున లేస్తుంటే మోకాలి కింది ఎముక పొడుగునా పుండులా నొప్పి. పుస్తకం తెరిస్తే రెండు వాక్యాలకు కళ్ళు మూతపడేవి, పడుకుంటే నిద్ర రాదు. అవ్వ వండిన జొన్నరొట్టె ఒకటి తిని చాలనేదాన్ని. ఇదంతా బద్ధకమే అనుకున్నాను. బద్ధకానికి మందు ఇంకొంచెం పని అనుకున్నాను. సాయంత్రం పరుగు కూడా మొదలుపెట్టాను. పేజీలు మాత్రం చక్కగా నిండాయి.

ఆ లెక్కలు ఉస్తాద్‌కు పంపాను. అన్న తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"ఉస్తాద్ నవ్విండు."

"ఎందుకు?"

"ఏమో. 'మీ చెల్లెకు శనివారాలు లేవారా' అన్నడు. 'మన శనివారం సంగతి చెప్పు దానికి' అన్నడు."

"మీ శనివారం ఏం చేస్తరు?"

"ఏం చేస్తం. మారుతికి కొబ్బరికాయ కొడ్తం. ఉస్తాద్ ఒక్కపొద్దుంటడు. మట్టిల ఎవ్వరు దిగరు. నేనైతే పండుకుంట."

నువ్వు ఎప్పుడైనా పడుకుంటావు అనుకున్నాను మనసులో. అన్న చెప్పిన నాలుగింటిలో నాకు పనికొచ్చేది ఒక్కటే అనిపించింది. మట్టిలో దిగకపోవడం తాలీంవాళ్ళ ఆచారం, నాకు మట్టి లేదు, నాది వాకిలి. కొబ్బరికాయ అవ్వ కొడుతుంది. ఇక మిగిలింది ఒక్కపొద్దు. ఉస్తాద్ అంతటివాడు ఉపవాసం ఉంటే బలం వస్తుంది కాబోలు, నాకు భక్తి తక్కువై గుండు వెనక్కి వస్తున్నది కాబోలు అనుకున్నాను. మా ఇళ్ళల్లో ఏ పనైనా కాకపోతే మొదట చేసేది ఒక పూట తిండి మానడమే.

ఆ శనివారం ఏమీ తినకుండా, చాయ్ కూడా తాగకుండా, రోజుకంటే ముందే లేచి నూట ఇరవై బైఠకులు తీసి పరుగుకు పోయాను. అంటే ఉస్తాద్ ఏ రోజు ఆగమన్నాడో ఆ రోజే అన్నింటికంటే ఎక్కువ చేశాను, అదీ ఖాళీ కడుపుతో.

మైలురాయి దాకా పోయినట్టు గుర్తుంది. తర్వాత గుర్తున్నది చెరుకాకు మంట వాసన, నా నోట్లో చెరుకు రసం. ముసలి బండాయన ఒకడు గడ విరిచి, తొక్క తీసి ముక్కలు నా చేతిలో పెడుతున్నాడు. "నములు బిడ్డా. ఆకలికి పడ్డవ్, దయ్యం గాదు," అంటున్నాడు. లేవబోతే కుడికాలు నిలబడనీయలేదు. చెరుకు దించి ఫ్యాక్టరీ నుంచి తిరిగిపోతున్న ఖాళీ బండిలో నన్ను ఇంటికి తెచ్చారు. పక్కన అన్న మెడ వంచుకుని నడిచాడు.

అవ్వ నన్నేమీ అనలేదు. అన్నను అంది. "నువ్వు పైల్వానువు, అది కాయితం ముక్క. ఇద్దరు గలిసి ఉరుకుతరా?" తర్వాత నా కాలికి పసుపు, సున్నం పట్టువేసి, పెరుగన్నం కలిపి ముందు కూర్చుని తినిపించింది. బాపు షిఫ్టు దిగి వచ్చి విన్నాడు. "ఇగ బందు పెట్టు," అన్నాడు. కోపంగా కాదు. అందుకే నాకు ఎక్కువ భయమైంది.

ఆ రోజు సాయంత్రమే ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. అదివరకు ఎప్పుడూ రాలేదు. కర్ర తలుపుకు ఆనించి, వాకిట్లో మంచం మీద బాపు పక్కన కూర్చున్నాడు. నేను లోపల తలుపు చాటున కాలు చాపుకుని ఉన్నాను.

"తప్పు నాది," అన్నాడు ఆయన బాపుతో. "మీ పోరనికి చెప్పిన. వాడు నెత్తి ఊపిండు. నెత్తి ఊపెటోనికి చెప్పొద్దు గద."

"నేను అన్నీ చెప్పిన, ఉస్తాద్," అన్నాడు అన్న.

"చెప్పినవ్. ఏది పెద్దదో చెప్పలే." మళ్ళీ బాపు వైపు తిరిగాడు. "మీ బిడ్డకు కాళ్ళున్నయ్, పట్టుదల ఉన్నది. శనివారం లేదు. బందు పెట్టించకుండ్రి. వచ్చే శనివారం తాలీంల ఎవ్వరుండరు. తల్లిని, బిడ్డను తోలియ్యండ్రి. గుప్పెడు పసుపు తెమ్మనండ్రి."

అవ్వ తలుపు వెనక నుంచే అడిగింది. "ఆడోళ్ళు రావొచ్చునా?"

"మట్టిల దిగొద్దు. ఆ దినం నేను గూడ దిగను. గుంట ఒడ్డున కూసుంటే ఎవ్వరికి ఏం గాదు."

బాపు కొంచెంసేపు బీడీ కాల్చాడు. "కాలు మంచిగైనంక చూద్దాం," అన్నాడు. అది ఒప్పుకోవడమో కాదో నాకు అర్థం కాలేదు గాని, శుక్రవారం రాత్రి భోజనం దగ్గర, "రేపు పోతున్నరా?" అని అవ్వను ఆయనే అడిగాడు.

తాలీం లోపల చల్లగా, చీకటిగా ఉంది. పసుపు, నువ్వులనూనె, పుల్లటి మజ్జిగ కలిసిన వాసన. గుంట నిండా మట్టి తవ్వి ఎగదోసి ఉంది, దాని మీద అడుగుజాడ లేదు. ఉస్తాద్ నన్ను గుంట అంచున కూర్చోమన్నాడు. అవ్వ చేతిలోని పసుపు తీసుకుని అంచు నుంచే మట్టి మీద చల్లాడు.

"చెయ్యి పెట్టు, బేటీ."

పెట్టాను. మణికట్టు దాకా దిగిపోయింది. లోపల మట్టి వెచ్చగా, తడిగా, గాలి నిండినట్టు ఉంది.

"ఇగ గడప బయట పెట్టు."

బయట రోజూ పైల్వాన్లు నిలబడే చోట ఎర్రగా, నున్నగా ఉంది. వేలు కూడా దిగలేదు. గోరు విరిగింది.

"రెండు ఒక్క బండిల వచ్చిన మట్టే," అన్నాడు ఉస్తాద్. "బయటిదాన్ని దినాం తొక్కుతరు. లోపటిదాన్ని గూడ తొక్కుతరు, కాని శుక్రవారం మాపటికి తవ్వి, పసుపు, నూనె, మజ్జిగ పోసి ఆదివారం పొద్దటి దాక ముట్టరు. అది ఊరుతది. బయట పడితే బొక్క విరుగుతది. లోపట పడితే లేస్తవ్. నీ కాళ్ళు రెండు నెలల సంది బయటి మట్టి అయినయ్."

నేను ఆయనతో అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ కొంగు పట్టుకుని అడిగాను. "వారానికి ఒక్కరోజు చాలునా?"

"మావోళ్ళకు చాలు. ఏండ్ల సంది చేస్తున్నరు. నువ్వు నిన్న గాక మొన్న మొదలు పెట్టినవ్. నీకు రెండు. బుధవారం ఒకటి, శనివారం ఒకటి. ఆ రెండు దినాలు మంచిగ తిను, మంచిగ పండు. నడువు గాని ఉరకకు. దెబ్బ తాకినంక మాత్రం గిన్ని దినాలని ఉండదు. నొప్పి లేకుండ బాయి మెట్లు దిగినప్పుడు షురూ చెయ్యి."

"ఒక్కపొద్దు?"

"నేనుంట. నేనేమన్న ఉరుకుతున్ననా?"

అవ్వ నవ్వింది. నాకు ఇంకొకటి అడగాలని ఉంది, అడగడానికి సిగ్గు. చివరకు లేచేముందు అడిగాను. "మరి ఆ రోజుల్ల డైరీల ఏం రాయాలె?"

ఆయనకు అర్థం కాలేదు. అవ్వ చెప్పింది, రోజూ ఏదో ఒకటి రాయకపోతే దీనికి నిద్ర పట్టదని. ఉస్తాద్ నిజంగానే ఆలోచించాడు.

"పండుకున్న అని రాయి. అబద్ధం గాదు గద."

కాలు మంచిగ కావడానికి ఇంకా పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు పేజీలు నాకు చాలా కష్టమయ్యాయి. మొదటిరోజు "పడుకున్నాను" అని రాశాను. రెండోరోజు అదే. మూడోరోజు మళ్ళీ అదే రాయడానికి చేయి రాలేదు. పడుకుని ఏం చూశానో రాశాను. పొగగొట్టం నుసి ముందు వేపచెట్టు మీద పడి, తర్వాత మా తీగ మీదికి ఎట్లా వస్తుందో రాశాను. అవ్వ రొట్టె తట్టేటప్పుడు గాజులు ఏ చేతివి ముందు మోగుతాయో రాశాను. ఒకరోజు గొట్టాల్లో పట్టిన గార గీకడానికి ఫ్యాక్టరీ ఆపారు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉన్నదాన్ని, అది ఆగినప్పుడు మా వీధిలో పిచ్చుకలు ఇన్ని ఉన్నాయని తెలిసింది. "గీకకపోతే ఏమైతది, బాపూ?" అని అడిగాను. "ఎంత మంట పెట్టినా రసం మరగదు," అన్నాడు. అది కూడా రాశాను. ఇప్పుడు చదివితే ఆ డైరీ మొత్తంలో చదవదగ్గ పేజీలు అవే.

అంత మాత్రాన నాకు బుద్ధి వచ్చిందని కాదు. బుధవారం వచ్చిందంటే కాళ్ళు దురద పెట్టేవి. పరీక్షకు ఇన్ని రోజులే ఉన్నాయి, వారానికి రెండు రోజులు నీళ్ళపాలు అవుతున్నాయి అని లెక్కలు కట్టుకునేదాన్ని. ఒక బుధవారం అవ్వ అంగడికి పోయినప్పుడు వంటింట్లో తలుపేసుకుని తాడు ఎగిరాను. పైన వేలాడే ఉట్టికి తాడు తగిలి పాలగిన్నె కింద పడింది. పిల్లి తోసిందని అబద్ధమాడాను. అవ్వ గిన్నెను చూసింది, నన్ను చూసింది. "పిల్లికి చెప్పు, రేపటి దాక ఆగుమని," అంది. మరునాడు గుండు జామచెట్టు ఇవతలే పడింది. నేను దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ అట్లా చేయలేదు.

ఉగాది అయిన వారం, ఒక ఆదివారం పొద్దున, ముందురోజంతా తిని, పడుకుని, ఒక పాత వారపత్రిక చదువుకుని లేచాను. బండ దగ్గర నిలబడి విసిరాను. గుండు జామచెట్టు దాటింది. ఖాళీ కోళ్ళగూడు మీద పడి పైకప్పు బొక్క చేసింది. అన్న గోడ మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. పుల్ల నోట్లోంచి తీసి, "గిది కోడిని సంపుతుండె," అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు వాడి నోట రాదు.

ఇక మిగిలింది గొంతు. బండ్ల తొవ్వలో అప్పటికి బండ్లు లేవు, చెరుకు ఆడటం అయిపోయింది. ఖాళీ తొవ్వలో తుమ్మచెట్లను వరుసగా నిలబడ్డ పిల్లలనుకుని "సావధాన్", "విశ్రామ్" అని అరిచేదాన్ని. మొదట్లో పక్కనున్న అన్నకే వినిపించేది కాదు. దానికి కూడా బుధవారం, శనివారం సెలవు ఇచ్చాను. గొంతు బొంగురు పోకుండా మెల్లమెల్లగా తెరుచుకుంది.

పరీక్ష ఆదివారం. శనివారం చిన్న రైలెక్కి అన్నతో నిజామాబాద్ పోయాను. కంఠేశ్వర్‌లో మా మేనత్త ఇల్లు. సాయంత్రం మైదానం చూద్దామని పోతే, వచ్చినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. పరుగెత్తుతున్నారు, గుండు విసురుతున్నారు. ఎత్తుగా ఉన్న ఒక అమ్మాయి విసిరితే నా కోళ్ళగూడు ఎక్కడో వెనకబడింది. 

"ఒక్కసారి విసిరి చూస్త, అన్నా. ఒక్కటే," అన్నాను అన్నతో.

అన్న ఆకాశం వైపు చూశాడు. "ఏం వారం ఇయ్యాల?"

గోడ మీద కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను జనవరి నుంచి చేయలేదు. ఇంటికి పోయి మేనత్త పెట్టిన పప్పన్నం రెండుసార్లు వేయించుకుని తిని పడుకున్నాను.

మరునాడు పరుగులో ఏడుగురిలో నాలుగోదాన్నయ్యాను. గుండు మొదటిసారి గీతకు ఇవతల పడింది. రెండోసారి ఉస్తాద్ మాట గుర్తుచేసుకుని నడుము తిప్పాను. సున్నం గీతకు అవతల, జానెడు దూరంలో పడింది. జానెడే, కాని అవతల. ఆ ఎత్తు అమ్మాయి నాకంటే చాలా దూరం విసిరింది. ఎక్కువ సాధన చేసినవాళ్ళందరూ ఓడిపోయారని చెప్పను. ఆమెకు సీటు వచ్చింది కూడా. నాకు మాత్రం ఆ జానెడు శనివారం ఇచ్చిందే.

చివరిది డ్రిల్. ఇరవైమంది చిన్నపిల్లలను వరుసలో నిలబెట్టారు. ఒక్కొక్కరం పోయి వాళ్ళతో చేయించాలి. నా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. నాకంటే ముందు పోయినవాళ్ళు "సావధాన్" అంటూ మొదలుపెట్టి, అట్లాగే వదిలి వచ్చారు. పిల్లలు బిగుసుకుని నిలబడే ఉన్నారు. రెండో వరుసలో ఒక చిన్నది ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మారుస్తున్నది. దాని కాళ్ళు నేను చూశాను. ఫిబ్రవరిలో నా కాళ్ళు అట్లాగే ఉండేవి.

నేను నేర్చుకున్న వరుస మరిచిపోయాను. "విశ్రామ్," అన్నాను.

ముందు వరుసకే వినిపించింది. మళ్ళీ అన్నాను, తుమ్మచెట్లకు చెప్పినట్టు. ఇరవైమంది ఒక్కసారి కాళ్ళు ఎడం చేసి భుజాలు వదిలారు. వాళ్ళను నీడకు నడిపించి, ఒక నిమిషం ఆగి, అప్పుడు "సావధాన్" అన్నాను. ఎంత బాగా నిలబడ్డారో. చేతులు, కాళ్ళు అన్నీ ఒక్కటిగా కదిలాయి.

పరీక్ష తీసుకునే మేడం మెడలోని విజిల్ తిప్పుకుంటూ అడిగింది. "అందరు సావధాన్‌తోని మొదలుపెడితే నువ్వు విశ్రామ్‌తోని ఎందుకు పెట్టినవ్?"

"పొద్దటి నుంచి నిలబడే ఉన్నరు, మేడం. ఊరకుంటే..." మాట వెతుక్కున్నాను. "కొంచెం ఆగితే మంచిగ చేస్తరని."

ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. అది మంచిదో చెడ్డదో తెలియక జూన్ అంతా గడిపాను.

ఉత్తరం వచ్చింది ఒక శనివారమే. పోస్ట్‌మన్ వాకిట్లో సైకిలు ఆపాడు. అన్న చదివాడు, బాపు ఇంకోసారి చదివించుకున్నాడు. అవ్వ అడుగుతూనే ఉంది, "ఏమాయె, ఏమన్నరు?" అని. సీటు వచ్చింది. జూలైలో పోవాలి. బాపు ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాడు. "హాస్టల్ అని రాసిందా దాంట్ల? ఏదీ, ఎక్కడున్నది చూపియ్యి," అని అన్నను అడిగి, ఆ మాట మీద వేలు పెట్టి చూశాడు.

నేను గుండు చంకలో పెట్టుకుని, పెద్ద టీచర్‌కు చెప్పాలని వాకిలి దాటి పరుగు అందుకున్నాను.

"ఆగు," అంది అవ్వ గుమ్మంలోంచి. "ఇయ్యాల శనివారం. నడిచి పో."

అన్న వచ్చి నా చంకలోంచి గుండు తీసుకున్నాడు. వాడు మోశాడు. నేను ఉత్తరం పట్టుకుని పక్కన నడిచాను. స్కూల్ దాకా చాలా దూరంగా అనిపించింది. పెద్ద టీచర్ ఉత్తరం చదివి, గుమ్మంలో ఆరు నెలలుగా ఉన్న రాయిని కాలితో బయటికి తోసింది. అన్న గుండు దాని చోట పెట్టాడు.

ఆ రోజు పేజీలో రెండే మాటలు ఉన్నాయి. "నడిచి పోయాను." మిగతాదంతా ఖాళీ.